చందమామ మీద ఒక పళ్లెం, రెండు చీటీలు

ఎవరి కోసం

మాథుర్ గారి ల్యాబ్‌లో ఈ ఏడు కొత్తగా నలుగురు చేరారట. చంద్రుడి నేల గురించి పాఠాలు చెప్పడానికి పుస్తకాలున్నాయి, ఆయనున్నారు. పని ఎలా ఉంటుందో మాత్రం మీరు రాసివ్వండి అని కబురు పెట్టారు. నాకు తెలుగులో తప్ప మనసు విప్పి రాయడం రాదన్నాను. నలుగురిలో ఇద్దరికి తెలుగు వచ్చు, మిగతా ఇద్దరికీ వాళ్లే చదివి చెప్తారన్నారు. ఇక తప్పించుకునే దారి లేకపోయింది.

నేను కేంద్ర ప్రభుత్వంలో భూగర్భ శాస్త్రజ్ఞుడిగా పనిచేసి రిటైరయ్యాను. ప్రమోషన్లు, బదిలీలు, సర్వీసు పుస్తకం సంగతులు రాయను. అవి ఎవరివైనా ఒకేలా ఉంటాయి. మొదటి కొన్నేళ్లు కొండలెక్కి రాళ్లు కొట్టాను. మిగతా ఉద్యోగమంతా ఢిల్లీలో ఒక గదిలో కూర్చుని చంద్రుడి ఫొటోల మీద గుంటలు లెక్కపెట్టాను. అవును, లెక్కపెట్టడమే. కాకినాడలో మా మేనమామకు ఇది ఎంత చెప్పినా అర్థం కాలేదు. చివరిదాకా నేను వాతావరణ శాఖలో ఉన్నానని అందరికీ చెప్పుకున్నాడు. నేనూ దిద్దలేదు. వానలు పడనప్పుడల్లా బంధువులు నన్ను నిలదీసేవారు.

పళ్లెం

ఈ కథంతా ఒక గుంట చుట్టూ తిరుగుతుంది కాబట్టి ముందు దాన్ని పరిచయం చేయాలి.

చంద్రుడి మీద మనకు కనిపించే నల్లమచ్చల్లో ఒకదాని అంచున అది ఉంది. చిన్నది. ఢిల్లీలో కనాట్ ప్లేస్ నుంచి వసంత్ కుంజ్ దాకా ఎంత దూరమో అంత వెడల్పు, ఓ పదిహేను కిలోమీటర్లు. పటాల్లో దానికో పేరుంది, మేమెవరమూ వాడలేదు. మా గదిలో దాని పేరు పళ్లెం. ఎప్పుడో ఒక బండరాయి వచ్చి చంద్రుణ్ణి గుద్దింది. లోతైన గిన్నెలాంటి గుంట పడింది. ఆ తర్వాత చాలా కాలానికి అడుగున ఉన్న పగుళ్లలోంచి లావా ఉబికి వచ్చి ఆ గిన్నెను సగానికి పైగా నింపేసి గడ్డకట్టింది. గిన్నె కాస్తా పళ్లెమైంది. చుట్టూ అంచు, మధ్యలో చదునైన నల్లటి నేల.

ఆ నేల మీద మళ్లీ చిన్నచిన్న రాళ్లు పడుతూ వచ్చాయి. ఒక్కొక్కటి ఒక్కో బుల్లి గుంట చేసింది. చంద్రుడి మీద గాలి లేదు, వాన లేదు, పడిన గుంట పడినట్టే ఉంటుంది. గుంటలు ఎక్కువుంటే ఆ నేల పాతది, తక్కువుంటే కొత్తది. లావా ఎప్పుడు పారిందో తెలుసుకోవాలంటే మనిషి అక్కడికి పోనక్కర్లేదు, ఓపిగ్గా లెక్కపెడితే చాలు. మా వృత్తి మొత్తం ఈ నాలుగు వాక్యాలే.

మూడు రోజులు కొండలు లెక్కపెట్టాను

ఈ పని నాకు నేర్పినవారు ఓబులరెడ్డి గారు. అనంతపురం మనిషి. పొట్టిగా, గట్టిగా ఉండేవారు. ఢిల్లీలో ఎన్నేళ్లున్నా ఆయన తెలుగుకు ఢిల్లీ అంటలేదు. హిందీ కూడా అనంతపురం యాసలోనే మాట్లాడేవారు.

చేరిన మొదటి వారం నాకొక ఫొటో, ఒక భూతద్దం, ఫొటో మీద పరచడానికి ఒక ట్రేసింగ్ కాగితం ఇచ్చి కూర్చోబెట్టారు. గుంట కనిపిస్తే పెన్నుతో సున్న చుట్టాలి, అనుమానముంటే పెన్సిల్‌తో చుట్టాలి. నేను మూడు రోజులు వంచిన తల ఎత్తకుండా పనిచేశాను. గుంటలు తక్కువ, చిన్న గుట్టలు చాలా ఉన్నాయి. ఎవరూ చూడని గుట్టలను కనిపెట్టానని లోలోపల మురిసిపోయి, వాటిక్కూడా విడిగా లెక్క కట్టాను. మూడో రోజు సాయంత్రం ఆయన వచ్చి నా కాగితం చూశారు.

"ఏమప్పా రావూ, కొండలు శానా ఉండాయే."

"అవును సార్. ఇక్కడ లావా పొంగి గుట్టలు కట్టినట్టుంది."

ఆయన ఫొటోను తలకిందులుగా తిప్పి నా ముందు పెట్టారు. నా గుట్టలన్నీ గుంటలైపోయాయి.

మన కన్ను వెలుతురు పైనుంచి వస్తుందని అనుకుంటుంది. ఫొటోలో సూర్యుడు కిందివైపు ఉంటే గుంట మనకు గుట్టలా కనిపిస్తుంది. ఆయనకది మొదటి రోజే తెలుసు. మూడు రోజులు నోరు మూసుకుని ఊరుకున్నారు. ఎందుకు చెప్పలేదు సార్ అంటే, "చెప్పింటే రేపటికి మర్చిపోతావు. మూడు దినాలు పోయినాయి గదా, ఇంక సచ్చినా మర్చిపోవు" అన్నారు.

మర్చిపోలేదు. ఆ రోజు నుంచి కాగితం మూలలో సూర్యుడు ఎటున్నాడో బాణం గుర్తు గీయకుండా ఒక్క సున్న కూడా చుట్టలేదు. మీరూ అంతే చేయండి. కంప్యూటర్ తెర మీదైనా సరే.

అక్షింతలు

రెండో పాఠం ఇంకా ముఖ్యమైంది. ఒక పెద్ద రాయి పడ్డప్పుడు అక్కడి నేల ముక్కలై ఎగిరిపడుతుంది. ఆ ముక్కలు దూరంగా పోయి పడి అవీ గుంటలు చేస్తాయి. వీటిని లెక్కలోకి తీసుకోకూడదు, ఎందుకంటే అవి ఒక్కసారే, గుంపుగా పడ్డవి. చూడటానికి కాస్త లోతు తక్కువగా, సాగినట్టుగా, ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. నేను మొదట్లో వాటినీ చుట్టేసేవాణ్ణి.

"అక్షింతలు లెక్కబెట్టి పెండ్లికి ఎంతమంది వచ్చినారో చెప్తావా?" అని ఓబులరెడ్డి గారు అడిగారు. "ఒక మనిషి గుప్పెడు చల్లుతాడు. నువ్వు మనిషిని లెక్కబెట్టాల, బియ్యం గింజల్ని కాదు."

అప్పట్నుంచి మా గదిలో అలాంటి గుంపులకు అక్షింతలనే పేరు స్థిరపడింది. హిందీవాళ్లు కూడా "యే అక్షింతలు హై క్యా, సర్?" అని అడిగేవారు. మన పళ్లెంలో ఈశాన్యం మూల అలాంటి గుంపు ఒకటుంది. దీన్ని గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

పై అధికారుల గురించి ఒక్క మాట

మంచి అధికారి అంటే మన పనిని పొగిడేవాడు కాదు, మన పని మీద నోరు పారేసుకునేవాడి నుంచి మనల్ని కాపాడేవాడు. ఒకసారి పైనుంచి ఒకాయన తనిఖీకి వచ్చి, నా వీపు వెనుక నిలబడి కాసేపు చూసి, "చంద్రుడి మీద గుంటలు లెక్కపెడితే దేశానికేం వస్తుంది? ముందు రింగ్ రోడ్డు మీద గుంటలు లెక్కపెట్టండి" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, నవ్వక చస్తానా. ఓబులరెడ్డి గారు మాత్రం నవ్వకుండా, "అవి దినామూ మారతాయి సార్, మా లెక్కకు నిలబడవు" అన్నారు. ఆ తనిఖీ పెద్దమనిషి మళ్లీ మా గదికి రాలేదు.

ఓబులరెడ్డి గారికి లోపాలు లేవని కాదు. మొండి. తప్పు చేస్తే నలుగురిలో కడిగేసేవారు. ఇంటికెళ్లే వేళ దాటినా పట్టించుకునేవారు కాదు, దాని గురించి మా ఆవిడ సరోజను అడిగితే ఇప్పటికీ ఒక పురాణం చెబుతుంది. కానీ తన లెక్కను తానే నమ్మేవారు కాదు. అలాంటి అధికారిని నేను మళ్లీ చూడలేదు.

అందుకే చీటీ పద్ధతి పెట్టారు. ఒకే ఫొటోను ఇద్దరు విడివిడిగా, వీపులు కలిపి కూర్చుని లెక్కపెట్టాలి. ఎన్ని వచ్చాయో పైకి అనకూడదు. చీటీ మీద రాసి మడిచి ఆయన బల్ల మీద ఒక నల్లరాయి కింద పెట్టాలి. ఆ రాయి ఆయన దక్కన్ కొండల్లో తిరిగే రోజుల్లో తెచ్చుకున్నది, అదీ ఒకప్పటి లావాయే. శుక్రవారం టీ అయ్యాక అందరి ముందూ చీటీలు విప్పేవారు. పది లోపు తేడా ఉంటే ఆ లెక్క నిలబడినట్టు. అంతకు మించితే ఇద్దరూ మళ్లీ మొదటి నుంచి.

కూలర్ గాలి

పళ్లెం లెక్క ఆయనా నేనూ కలిసి చేశాం. జూన్ నెల. గదిలో ఒక పెద్ద ఎయిర్ కూలర్ గర్జిస్తూ ఉండేది. నేను నా లెక్క ముగించి, నూట నలభై ఒకటి అని చీటీ మీద రాసుకుని, ఆయన బల్ల దగ్గరికి వెళ్లాను. ఆయన లేరు. ఆయన చీటీ రాయి కింద ఉంది, కానీ ఒక కొస మాత్రమే. కూలర్ గాలికి రెండో కొస విప్పుకుంది. నూట డెబ్బై ఎనిమిది.

చూడకూడదనుకునే లోపే చూశాను. అక్కడిదాకా నా తప్పు లేదు.

నా చీటీ జేబులో పెట్టుకుని వెనక్కి వచ్చి కూర్చున్నాను. నాకు వచ్చింది తప్పనుకున్నాను. నాకు కొండలూ గుంటలూ తేడా తెలియని రోజుల నుంచీ నేర్పిన మనిషి ఆయన. ఆయన కంటికి కనిపించినవి నా కంటికి ఎందుకు కనిపించలేదు? మళ్లీ భూతద్దం పట్టాను. విచిత్రమేమిటంటే, ఈసారి కనిపించాయి. ఈశాన్యం మూలలో నేను అక్షింతలని వదిలేసినవి ఒక్కొక్కటీ మంచి గుండ్రటి గుంటల్లా కనిపించడం మొదలుపెట్టాయి. అబద్ధం చెబుతున్నానని ఆ పూట నాకు నిజంగానే అనిపించలేదు. పెన్సిల్‌తో చుట్టాను, తర్వాత వాటి మీదే పెన్ను పోనిచ్చాను. నూట డెబ్బై ఆరు దగ్గర ఆపాను. సరిగ్గా ఒకటే అంకె వస్తే బాగుండదని ఆపానంటే, అబద్ధమని నాలో ఎవరికో తెలుసన్నమాట.

శుక్రవారం చీటీలు విప్పారు. రెండే తేడా. మా గదిలో అంత దగ్గరగా ఎప్పుడూ రాలేదు. ఓబులరెడ్డి గారు నా భుజం తట్టి, "ఇంక నీకు నేర్పేది ఏం లేదప్పా" అన్నారు. ఇద్దరి సగటు నూట డెబ్బై ఏడని మా పరిశోధన పేపరులో అచ్చయింది. ఆ లావా ఫలానా కాలం నాటిదని దాంతో తేలింది.

మరుసటి ఏడాది ఆయనకు రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషన్ జరిగింది. తిరిగి వచ్చిన రోజు కిటికీలోంచి చూసి, వేపాకులు విడివిడిగా కనపడుతుండాయని చిన్నపిల్లాడిలా సంబరపడ్డారు. అంటే అంతకుముందు ఏడాదంతా ఆయనకు అంచులు మసకగా కనిపించాయి. సాగిన గుంటా గుండ్రటి గుంటా ఒకేలా కనిపించాయి. నా నూట నలభై ఒకటే సరైనదని నాకు ఆ క్షణంలోనే అర్థమైంది.

ఆయనకూ అనుమానం వచ్చింది. నాలుగు రోజుల తర్వాత అన్నారు.

"రావూ, ఆ పళ్లెం ఒకసారి మళ్లా చూడాలప్పా. నా కండ్లు అప్పుడు బాగలేవు గదా."

నేనేమన్నానో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. "ఎందుకు సార్, నాకూ అన్నే వచ్చాయి కదా" అన్నాను.

ఆయన కాసేపు నా వైపు చూసి, "అవును లే. నీ కండ్లు బాగుండాయి గదా" అని తృప్తిగా వెళ్లిపోయారు. కొన్నేళ్లకు రిటైరయ్యారు, తర్వాత పోయారు. ఆయన నన్ను నమ్మి ఆ ఫొటో మళ్లీ తీయలేదు. ఒకరి కన్ను చెడితే రెండోవారి కన్ను కాపాడాలనే చీటీ పద్ధతి పెట్టిన మనిషి ఆయన. కాపాడవలసిన రోజున నేను కళ్లు మూసుకున్నాను.

మౌనిక

తర్వాత మా పాత ఫొటోలు, కాగితాలు, ఆ నల్లరాయితో సహా మాథుర్ గారి ల్యాబ్‌కు చేరాయి. ఆయన వయసులో నాకంటే చిన్న, విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్. కొత్తగా చేరినవాళ్లందరికీ ఆయన పెట్టే మొదటి పరీక్ష మా పళ్లెం. అచ్చయిన లెక్కకు పది లోపు తేడాతో రాబట్టాలి. రాబడితేనే మన ఉపగ్రహం పంపిన కొత్త ఫొటోలు చేతికిస్తారు. ఈ సంగతి నేను రిటైరై గ్రేటర్ నోయిడాలో ఫ్లాటు కొనుక్కుని హాయిగా కూర్చున్నాక తెలిసింది. తెచ్చినది మౌనిక.

సిద్దిపేట దగ్గరి పిల్ల. సివిల్స్ కోచింగ్ కోసం ఢిల్లీలో లక్ష్మీ నగర్ వచ్చి, రెండేళ్లయ్యాక అది తన పని కాదనిపించి, చదివిన భూగర్భ శాస్త్రంలోకే తిరిగి వచ్చింది. పీజీ హాస్టల్ గది మాత్రం లక్ష్మీ నగర్‌లోనే ఉంచుకుంది. పేపరు మీద నా పేరు చూసి, చిరునామా కనుక్కుని, ఒక ఆదివారం పొద్దున రెండు మెట్రోలు మారి, ఆటో ఎక్కి మా ఇంటికొచ్చింది. చెప్పులు విప్పకముందే చెప్పేసింది.

"సార్, నాకు కన్ను లేదంటున్రు."

"ఎవరన్నారమ్మా? లోపలికి రా ముందు."

"మాథుర్ సార్. తిట్టలే, మంచిగనే చెప్పిండు. బేటా, కొందరికి కనిపించది, అండ్ల తప్పేం లేదు, వేరే పని చూసుకో అన్నడు. తిట్టినా మంచిగుండు."

మూడు వారాల్లో ఆమె ఫెలోషిప్ మీద కమిటీ కూర్చుంటుంది. ఈమెకు లెక్క వచ్చు అని మాథుర్ గారు సంతకం పెట్టకపోతే ఫెలోషిప్ ఆగిపోతుంది, పరిశోధన ఆగిపోతుంది. ఏడాదిగా ఆ ఒక్క ఫొటో మీదే కూర్చుంది.

"ఎన్ని వస్తున్నాయి?"

"నూట నలభై దగ్గర్నే ఆగుతున్నయి సార్. ఒకసారి నూట ముప్ఫై ఎనిమిది, ఒకసారి నూట నలభై రెండు. మీ పేపర్ల నూట డెబ్బై ఏడు ఉన్నది. నాకంటే ముందు చేసినోళ్లు ముగ్గురికీ వచ్చింది. నాకొక్కదానికే వస్తలేదు."

గొట్టంలోంచి రెండు ట్రేసింగ్ కాగితాలు తీసి మా భోజనాల బల్ల మీద పరిచింది. మొదటిది శుభ్రంగా ఉంది. మూలలో సూర్యుడి బాణం కూడా ఉంది. రెండోదాన్ని నా వైపు లాక్కున్నాను. ఈశాన్యం మూలలో వరసగా పెన్సిల్ సున్నలు, వాటి మీద తిరిగిన పెన్ను.

"ఇది రేపు ఇచ్చేది సార్. నూట డెబ్బై నాలుగు వచ్చినయి."

"ఇవి నీకు కనిపించాయా?"

ఆమె ఈశాన్యం మూల మీద వేలు పెట్టింది. "అవి గుంపుల పడ్డట్టున్నయి, సొంత గుంటలు కావనిపించింది. మీరే లెక్కవెట్టినంక నేనెవర్ని సార్?" అంది.

సరోజ ఉప్మా తెచ్చి పెట్టింది. నేను వంటింట్లోకి వెళ్లి కాసేపు కుళాయి దగ్గర నిలబడ్డాను. నాకు సిగ్గేసింది, అంతకంటే ఎక్కువ భయమేసింది. నాకంటూ ఉన్న మంచిపేరు ఆ ఒక్క పేపరే. కూలర్ గాలి సంగతి అప్పటిదాకా నా భార్యకు కూడా చెప్పలేదు. తిరిగి వచ్చి, ఇద్దరినీ కూర్చోబెట్టి, పైన రాసినదంతా చెప్పాను.

మౌనిక ఊరట పడుతుందనుకున్నాను. ఆమె ముఖం ఎర్రబడింది.

"ఏడాది సార్. నాకు ఈ పని రాదని మా నాయినకు ఫోన్ చేసి ఏడ్చిన."

తప్పు నాది అన్నాను. అది జవాబు కాదని నాకూ తెలుసు. ఆమె రెండో కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి పక్కకు నెట్టింది. తర్వాత సరోజ వైపు తిరిగి, "ఆంటీ, చాయ్ ఉంటే ఇయ్యరా" అంది. అప్పుడు నాకు ఊపిరాడింది.

మాథుర్ గారి గదిలో

మర్నాడు ఇద్దరం వసంత్ కుంజ్ అవతల ఆయన గదికి వెళ్లాం. దారిలో ఎన్నిసార్లు వెనక్కి పోదామనిపించిందో చెప్పను. మాథుర్ గారు కుర్చీ జరిపి, "ఆయియే రావు సాబ్" అని ఆదరంగా కూర్చోబెట్టారు. నేను నీళ్లు కూడా తాగకుండా అంతా చెప్పేశాను. లెక్కలో ఆమె తప్పు లేదు, నా తప్పు ఉంది, దిద్దుబాటు నా పేరుతో రాసిస్తాను అన్నాను. ఓబులరెడ్డి గారి కళ్ల సంగతి రాస్తాను గానీ, ఆయన మళ్లీ చూడాలన్నారనీ వద్దన్నది నేనేననీ కూడా రాస్తానన్నాను.

ఆయన లేచి అల్మారా తెరిచి, అట్టడుగు నుంచి ఒక పాత ట్రేసింగ్ కాగితం తీసి బల్ల మీద పరిచారు. ఆయన విద్యార్థిగా ఉన్నప్పుడు మా ఫొటో నకలు మీద చేసినది. ఈశాన్యం మూలలో పెన్సిల్ సున్నలు, వాటి మీద పెన్ను.

"మేరే భీ నహీఁ ఆ రహే థే, రావు సాబ్" అన్నారు మెల్లగా. నాక్కూడా రాలేదు అని.

నేను, ఆయన, ఆయన తర్వాత ముగ్గురు విద్యార్థులు. ఒక్క చీటీ చూసిన పాపానికి ఇంతమంది తమ కళ్లను తామే నమ్మడం మానేశారు. కన్ను లేదని ఎవరిని పంపించేయబోయారో, ఏడాదిపాటు పట్టుబట్టి నిజం చూసింది ఆమె ఒక్కతే.

మాథుర్ గారు మౌనిక వైపు తిరిగి క్షమాపణ చెప్పారు. హిందీలో, పొడిగా, ఒక్క వాక్యంలో. నాకు ఆయన మీద గౌరవం పెరిగింది. వెంటనే పనిలోకి దిగారు. కమిటీ ముందు నా మాట ఒక్కటే చాలదు, పాత ఫొటో ఇక పనికిరాదు, ఎందుకంటే మా ఇద్దరికీ ఆ అంకెలు కంఠతా వచ్చేశాయి. కొత్త ఫొటో తీసుకోండి, మునుపటికంటే చిన్న గుంటల దాకా దిగండి, ఇద్దరూ విడిగా లెక్కపెట్టండి అన్నారు. పాత లెక్కే నిజమైతే అందులో ఐదువందలు దాటాలి, మౌనిక లెక్క నిజమైతే నాలుగువందల చిల్లర రావాలి.

"నేను రిటైరైనవాణ్ణి" అన్నాను.

"కళ్లు కూడా రిటైరయ్యాయా?" అని అడిగారాయన.

కాలేదు. కిందటి ఏడాదే రెండింటికీ ఆపరేషన్ అయింది. వేపాకులు విడివిడిగా కనిపిస్తున్నాయి.

రెండు చీటీలు

తొమ్మిది రోజులు మెట్రోలో వెళ్లి వచ్చాను. ల్యాబ్‌లో ఆమె తెర కిటికీ వైపు, నాది గోడ వైపు. వీపులు కలిపి కూర్చున్నాం. మూలలో బాణం గీసి మొదలుపెట్టాను. మధ్యాహ్నం క్యాంటీన్‌లో రాజ్మా చావల్ తింటూ సిద్దిపేట కబుర్లు చెప్పేది, పళ్లెం మాట మాత్రం ఇద్దరం ఎత్తలేదు. ఒకరోజు నేను ఒక గుంట దగ్గర పావుగంట తటపటాయిస్తుంటే, వెనక నుంచి నా కుర్చీ చప్పుడు విని నవ్వింది. అడగలేదు. నేనూ అడగలేదు.

ఆమె ఎనిమిదో రోజునే ముగించి, చీటీ మడిచి ఓబులరెడ్డి గారి నల్లరాయి కింద పెట్టి, లైబ్రరీకి వెళ్లిపోయింది. మర్నాడు నాది ముగిసింది. నాలుగువందల పన్నెండు అని రాసి, మడవబోతూ బల్ల వైపు చూశాను. ఏసీ గాలికి ఆమె చీటీ కొస లేచి ఆడుతోంది. ఇంకొక్క గాలి తగిలితే విప్పుకునేలా ఉంది.

నా వయసుకు అలా పరిగెత్తకూడదు. కానీ గబగబా బయటికి వచ్చేసి, వరండాలో గోడ వైపు తిరిగి నిలబడి, "మౌనికా, వచ్చి నీ చీటీ సరిగ్గా మడువమ్మా" అని కేకేశాను. పక్క గదుల్లోంచి తలలు బయటికొచ్చాయి. ఆమె వరండా చివరి లైబ్రరీ నుంచి పరుగున వచ్చి, సంగతి అర్థమై, "మీరు అట్నే ఉండున్రి సార్, ఇటు చూడకున్రి" అంటూ లోపలికి వెళ్లింది. ఆమె పిలిచేదాకా నేను గోడనే చూస్తూ ఉన్నాను. ఆ గోడ మీద సున్నం పెచ్చులు ఎన్నో చెప్పమంటే ఇప్పటికీ చెప్పగలను.

టీ అయ్యాక మాథుర్ గారు చీటీలు విప్పారు. నాది నాలుగువందల పన్నెండు. ఆమెది నాలుగువందల పంతొమ్మిది. ఆయన రెండింటినీ కలిపి ఆమె ఫైలుకు గుచ్చి, అక్కడే నిలబడి సంతకం పెట్టారు. పళ్లెంలో లావా మేం చెప్పినదానికంటే చాలా తర్వాత పారిందని తేలింది. అది ఇక ఆమె రాయవలసిన కథ. పేపరు అచ్చువేసిన పత్రికకు నా దిద్దుబాటు ఉత్తరం అంతకు ముందు రోజే పంపేశాను.

ఆమె మాత్రం సంతకం వైపు చూడలేదు. రెండు అంకెల వైపే చూస్తోంది.

"సార్, ఏడు తేడా వచ్చింది. మళ్లీ లెక్కవెడ్దామా?"

అప్పుడు రెండే తేడా వచ్చినందుకు ఓబులరెడ్డి గారు నా భుజం తట్టిన సంగతి గుర్తొచ్చింది. నా కళ్లు తడయ్యాయి, దాచుకోలేదు.

"వద్దమ్మా" అన్నాను. "ఆ ఏడూ ఉండనీ."